గాలిమట్టి మీద వరి

నమోదు 301. మంచు కరిగిన వారం

ఈ వారం గట్లన్నీ నడిచి చూశాను. నేల ఉడతలు చలికాలమంతా తవ్విన కన్నాల్లో మట్టి కూరి తొక్కాను. ఈ పనికి పార, గంప, నడుము ఉంటే చాలు. పార, గంప బాగానే ఉన్నాయి.

తర్వాత చెవికడ్డీల సంగతి చూశాను. వాలు మీద మెట్లుగా కోసిన ప్రతి చేలోనూ నేలలోకి నిలువునా దించిన కడ్డీలు అవి. లోపల తడి ఉన్నచోట నా చెవిలోని బిళ్ల తుమ్మెదలా ఝుమ్మంటుంది. పొడి ఉన్నచోట ఊరుకుంటుంది. కరిగిన మంచు ఎప్పటిలాగే పైన చుక్క నిలవకుండా లోపలికి దిగిపోయింది. ఒక నిలువు, అంటే మనిషెత్తు లోతులో ఝుమ్మంది. రెండు నిలువుల దగ్గరా ఝుమ్మంది. ఆ కింద నిశ్శబ్దం. అంటే గోధుమకి ఈ ఏటి నీళ్లు అందినట్టే. ఒకసారి విత్తితే ఆరేడేళ్లు కాసే గోధుమ ఇది. దాని వేర్లు నిలువెత్తు మనిషిని దాటి కిందికి పోతాయి. నేల వాటికి అడ్డు చెప్పదు. ఎంత లోతుకి పోయినా రాయి తగలదు, చవుడు తగలదు.

పైకి మాత్రం అది పసుప్పచ్చని పిండి. వేళ్ల మధ్య నలిపితే ఇసక గరుకూ లేదు, బంక జిగురూ లేదు. ఎన్ని వేల ఏళ్ల కిందటో గాలి తెచ్చి పోసిన మట్టి కాబట్టి గాలిమట్టి అంటాం. పారతో నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది. అందుకే మెట్ల కింద గట్టు ముఖాన్ని తొలిచి రెండు వరసల ఇళ్లు చేసుకున్నాం. ఇటుక లేదు, దూలం లేదు. వేసవిలో చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటాయి.

ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు తాయారమ్మ గుమ్మంలో నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, అంత చలిలోనూ శాలువా కప్పుకోలేదు.

“సుభాషిణీ, మీ ఆయనకి చెప్పు. కాలవ వచ్చేస్తంది” అన్నారు.

నేను ఎదురుగానే ఉన్నాను. అయినా ముఖ్యమైన సంగతి ఏదైనా ఆవిడ మా ఆవిడ ద్వారానే నాకు చెబుతారు. అల్లుడికి ఇచ్చే మర్యాద అది. కోపం వచ్చినా అదే పద్ధతి. మర్యాదో కోపమో గొంతును బట్టి తెలుసుకోవాలి. ఈసారి ఆ గొంతు వణికింది.

కృష్ణ దిగువన లంకలు సముద్రంలో కలిశాక, శిబిరాల్లో మిగిలినవాళ్లని కూడగట్టి ఈ ఉత్తరపు మెట్టకి తీసుకొచ్చింది ఆవిడే. అక్కడా నీళ్లు తెప్పిస్తా, మన చేలో మన బువ్వ తిందాం అని ఆవిడ అంటే, ఆ మాట మీద వచ్చారు. వచ్చిన ఏడాది నుంచీ కాలవ కోసం ఆవిడ తిరగని ఆఫీసు లేదు. నేను పల్నాడు మెట్టవాణ్ణి. శిబిరంలో సుభాషిణిని చేసుకుని, ఇల్లరికపు అల్లుడిగా వాళ్లతోపాటు వచ్చాను. మబ్బుకేసి చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి మెట్లు చూసుకునే పని నాకిచ్చారు. ఈ నమోదులు రాయడం కూడా ఆ పనిలో భాగమే.

నమోదు 304. గోధుమ పచ్చబడిన వారం

ఊరి సభ జరిగింది. కాలవ నీళ్లు గోధుమకే, అదీ సన్న గొట్టాల్లో చుక్కచుక్కగా పెట్టాలని కాలవ ఇచ్చిన ఆఫీసువాళ్ల సలహా. అయితే ఊరి వాటా ఊరి ఇష్టమని కూడా వాళ్లే రాశారు. ఆ సందులోంచి వరి దూరింది.

మా పక్కింటి నాంచారయ్య బాబాయ్ లేచి నిలబడ్డాడు. లంకల్లో ఉన్నప్పుడు మడిని బురద చేసే దమ్ము యంత్రం నడిపేవాడు. ఇక్కడికొచ్చాక పొయ్యిలు బాగుచేస్తున్నాడు. “పై మెట్టున మూడు మళ్లు నాకొదిలెయ్యండి. అడుగున తొక్కి తొక్కి పెడతా. అద్దంలా నిలబడకపోతే నా పేరు మార్చెయ్యండి” అన్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. “బాబాయ్, దమ్ము చేస్తే అడుగు గట్టిపడటానికి ఇందులో బంక ఉండాలిగా. అది లేదు. నీళ్లు నిలబడవు, దిగిపోతాయి. దిగితే ఏడికి దిగుతాయి? కింద మన ఇళ్లే ఉన్నయ్.”

వెనక నుంచి ఎవరో “మెట్టోడికి నీళ్లంటే భయం” అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నిజమే కాబట్టి. చేతులెత్తమంటే దాదాపు ఊరంతా వరికే ఎత్తింది. సుభాషిణి కూడా.

దారిలో తనే అంది. “మీరు చెప్పిందే నిజమేమోనండీ. కానీ మా అమ్మ ముందు చెయ్యెత్తకుండా ఎట్టా కూర్చోను?”

నేను నడక వేగం పెంచాను. మర్నాడు తెల్లారే గట్లు తొక్కే పని ఉంది.

నమోదు 306. నీళ్లొచ్చిన వారం

కాలవ తూము అత్తగారి చేత ఎత్తించారు. ముందు నురగ వచ్చింది, తర్వాత ఎండాకులు, తర్వాత నీళ్లు. ముసలివాళ్లు చెప్పులు విప్పి మడిలోకి దిగి అట్లాగే నిలబడిపోయారు. ఇక్కడే పుట్టిన పిల్లలు మడిలో ఆకాశం కనబడుతుంటే దాన్ని తొక్కడానికి భయపడ్డారు. నాంచారయ్య బాబాయ్ భార్య పేరమ్మ పిన్ని దోసిట్లోకి నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. ఆ నీళ్లలో కన్నీళ్లు ఎన్నో ఎవరికీ తెలియలేదు.

నేనూ దిగాను. చల్లగా, హాయిగా ఉంది. అబద్ధం రాయను.

సాయంత్రానికి మడిలో నీళ్లు లేవు. బురద మీద పిల్లల పాదాల గుర్తులు మిగిలాయి.

నమోదు 309

తూము ముయ్యడం లేదు. ఎప్పుడు చూసినా పారుతూనే ఉంది. నాంచారయ్య బాబాయ్ దున్నిన చోటే మళ్లీ మళ్లీ దున్ని, తొక్కి, పేడ కలిపి, పొయ్యి బూడిద కలిపి ఎట్లాగో చీలమండ లోతు నీళ్లు నిలబెట్టాడు. పైన నిలబెట్టడానికి ఎంత నీరు పోయిందో అంతకు ఎన్నో రెట్లు కిందికి పోతోంది. నారు నాటారు. చలికి తట్టుకునే పొట్టి రకం. ఆడవాళ్లు పాడుతూ నాటారు. నడుములు పట్టేసి, పాట మధ్యలో ఆగిపోయింది.

పై మెట్టు కడ్డీ మూడో నిలువు దగ్గర కూడా ఝుమ్మంటోంది. ఇన్నేళ్లలో అక్కడ శబ్దం వినడం ఇదే మొదటిసారి.

నమోదు 313. ఎండలు ముదిరిన వారం

భూమి అధికారిణి గుల్నారా వచ్చారు. ఈ ప్రాంతపు మనిషే. నాలుగు తరాలుగా వాళ్లది ఈ మట్టే. ఆవిడ మాట్లాడితే మెడలోని పెట్టె తెలుగులో చెబుతుంది. ఆ పెట్టెకి తెలుగు నేర్పినవాళ్లు ఏ పాత గ్రంథాలు తినిపించారో, గొంతు మాత్రం హరికథ దాసుగారిలా ఉంటుంది.

ఆవిడ మడి గట్టు మీద కూర్చుని కాసేపు నీళ్లని చూశారు. తర్వాత ఏదో అన్నారు.

“ఈ మృత్తిక నీటిని ద్వేషింపదు. త్రాగును, దాచుకొనును, పైరునకు ఇచ్చును. అయితే నీట మునిగి నిలుచుట దానికి తెలియదు” అంది పెట్టె.

“ఏవంటంది?” అని సుభాషిణిని అడిగారు అత్తగారు, పెట్టె చెప్పింది తెలుగే అయినా.

“తాగుద్దంట, నానితే కూలుద్దంట” అన్నాను.

“ఆవిడ్నే చెప్పమను. ఆపమని రాసిస్తదా?”

గుల్నారా తల అడ్డంగా ఊపారు. ఈ ఏటి నీళ్ల మీద హక్కు ఊరిదే. ఆవిడ సలహా ఇవ్వగలరు, ఇచ్చారు. వెళ్లేముందు గట్టు అంచున సన్నటి చీలిక చూపించి, నన్ను దాన్ని రోజూ చూస్తూ ఉండమన్నారు. నేను అప్పటికే చూస్తున్నాను. నా బొటనవేలు దూరుతోంది.

నమోదు 317

నాంచారయ్య బాబాయ్ ఇంటి తలుపు మూసుకోవడం లేదు. కర్ర ఉబ్బిందని పైన చెక్కాడు. రెండు రోజులు మూసుకుంది, మళ్లీ పట్టేసింది. ఉబ్బింది తలుపు కాదు. దాని నెత్తి మీద గోడ దిగింది.

రెండో మడి మూలలో నీళ్లు గిర్రున తిరుగుతుంటే వెళ్లి చూశాను. కుండ పట్టేంత కన్నం. గడ్డి, మట్టి, పాత గోనెలు కూరి తొక్కాను. రెండు రోజులకి అవన్నీ మింగేసి, కన్నం గాబు పట్టేంతయింది. ఇందులో పోసిన మట్టి ఎటు పోతోందో తెలియదు. పంటకన్నా ముందు మా చేతులే అరిగిపోయేట్టున్నాయి.

“సుభాషిణీ, మీ అమ్మకి చెప్పు” అన్నాను, ఆవిడ పక్కనే కూర్చుని ఉండగా. నాకూ ఆ పద్ధతి అలవాటయింది. “ఇళ్ల వెనక కడ్డీ కూడా మోగడం మొదలెట్టింది.”

“వరి పొట్ట మీద ఉందని, ఇప్పుడాపితే గింజ పట్టదని చెప్పు మీ ఆయనకి” అన్నారు అత్తగారు. ఆ గొంతులో ఈసారి మర్యాద లేదు.

సుభాషిణి మా ఇద్దరి వంకా చూసి, రొట్టెల పళ్లెం మా మధ్యన పెట్టి బయటికి వెళ్లిపోయింది.

నమోదు 318

అత్తగారూ నేనూ నేరుగా మాట్లాడుకున్నాం. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి అనుకుంటాను.

మధ్యాహ్నం వంటగది గోడ నుంచి పలక సైజు ముక్క ఒకటి కత్తితో కోశాను. రాయిలా గట్టిగా ఉంది. దాన్ని కంచంలో నిలబెట్టి, నెత్తిన రుబ్బురాయి పొత్రం పెట్టాను. మోసింది.

“చూస్తన్నా గదా, ఏవిటిది?” అన్నారు.

చెంబుతో కంచంలో నీళ్లు పోశాను. ముక్క అడుగునుంచి రంగు మారుతూ తడి పైకి పాకింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత చప్పుడు లేకుండా మోకాళ్లు మడుచుకున్నట్టు కూలబడింది. పొత్రం దొర్లి నేల మీద పడింది. కంచంలో జావ మిగిలింది.

“లోపలంతా సన్న సన్న కన్నాలండీ అత్తయ్యగారూ. పొడిగా ఉన్నంతసేపు ఒకదాన్నొకటి పట్టుకుని కొండనైనా మోస్తయ్. తడిస్తే ఆ పట్టు వదిలేస్తయ్. మన నెత్తి మీదుంది ఇదే.”

ఆవిడ కంచం తీసుకుని, వేలితో జావ కలిపి చూశారు.

“నా మాట మీద వచ్చారు బాబూ ఈళ్లంతా” అన్నారు చివరికి. “శిబిరంలో రొట్టె నవల్లేక ఏడ్చేవోళ్లు. పళ్లూడినోళ్లు నానబెట్టుకు తినేవోళ్లు. ఒక్కసారన్నా బువ్వ పెడతానని నోరు జారా. జారినాక ఎనక్కి తీసుకోవడం నాకు చేతగాలా. ఇన్నేళ్లూ దాన్నే మోశా.”

“తెలుసండీ.”

“తెలిస్తే ఇన్నాళ్లూ ఊరుకున్నారేం? గట్టిగా అరవొచ్చుగా నా మీద.”

అరిచే ఓపిక ఎక్కడుందని అడగాలనిపించింది. అడగలేదు. ఆవిడ కంచం కడిగి బోర్లించి, శాలువా కప్పుకుని బయల్దేరారు. “రండి. అందర్నీ పిలవాలి.”

నమోదు 319

సభలో ఆవిడ తూము దించేద్దామన్నారు. ఊరు ఆవిడ మీద విరుచుకుపడింది.

“పొట్ట మీదున్న వరిని ఎండగడతావా తాయారమ్మా?” “ఇదేదో ముందే చెప్పొచ్చుగా!” “అల్లుడు మందు పెట్టాడు.” నాంచారయ్య బాబాయ్ అయితే గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. “అక్కా, ఆ మడిలో నా ప్రాణం పెట్టా. ఒక్క నెల్లాళ్లు. ఒక్క నెల్లాళ్లక్కా.”

ఆవిడ అందర్నీ అరవనిచ్చారు. అరిచి అలిసిపోయాక లేచారు.

“సరే, వరిని ఉంచుకోండి. నీళ్లు కూడా ఉంచుకోండి. కానీ రేపట్నించి ఆ గట్టు కింద ఒక్కళ్లు పడుకోడానికి లేదు. ఒక్కళ్లు. గోధుమ మెట్టు మీద గుడారాలేసుకుందాం. ఇళ్లా, వరా? రెండూ కావాలంటే మాత్రం ముందు నన్ను పూడ్చి ఆ ఇళ్లలోకి పోండి.”

ఇళ్లు వదలడానికే ఒప్పుకున్నారు. వరి కోసం ఎంతకైనా ఒప్పుకునేవారేమో.

ఈ వారమంతా గుడారాల గుంజలు పాతాను. ఈ నేలలో గుంజ పాతడం సుఖం. ఈ మాట రాయకపోతే నేలకి అన్యాయం చేసినట్టవుతుంది.

నమోదు 325. చలిగాలి మొదలైన వారం

కోతలయ్యాయి. తూము దించేశారు. మూడు మళ్లకి పదకొండు బస్తాలు. తాలు ఎక్కువ. అయినా ఆ బస్తాల చుట్టూ జనం తిరగడం చూస్తే గుడి చుట్టూ తిరిగినట్టుంది.

గుడారాల్లో చలి భరించలేకుండా ఉంది. పొయ్యి పెడితే పొగ, పెట్టకపోతే వణుకు. తూము దించారు కాబట్టి ఇక ఇళ్లలోకి పోదామని అందరూ అంటున్నారు. నేను కడ్డీల సంగతి చెబుతున్నాను. పైన నిశ్శబ్దంగా ఉంది, నిజమే. తడి పైనుంచి కిందికి దిగింది. ఇళ్ల నేల కింద, పాత గట్టిమట్టి పొర మీద చేరి ఆగింది. అక్కడి కడ్డీ మునుపటి కన్నా గట్టిగా మోగుతోంది. నీళ్లు ఆపడం మన చేతిలో పని. లోపలికి పోయినవాటిని బయటికి రప్పించడం మన చేతిలో లేదు. అది ఏడాదో రెండేళ్లో పడుతుందని గుల్నారా అన్నారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనూ అత్తగారూ వంతులవారీగా ఇళ్ల వరసల ముందు నిలబడి కాదు, వద్దు, ఇంకా కాదు అని చెబుతున్నాం. కాదు అన్న మాటకి కూడా బరువుంటుందని ఈ వారమే తెలిసింది. పేరమ్మ పిన్ని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. “తాయారక్క చెప్పిందిగా” అని గుడారంలో దుప్పటి కుట్టుకుంటూ కూర్చుంది.

నమోదు 326

ఇది రాయడానికి ఇష్టం లేదు. కానీ నా పని ఇది.

కొత్త బియ్యం దంచి, గోధుమ మెట్టు మీద గుండిగలు పెట్టి ఊరందరికీ వండారు. గోంగూర ఇక్కడ బతకదు. ఏదో పుల్లాకు తెచ్చి నూరి గోంగూర అనుకున్నాం. అన్నం ముద్దగా అయింది. ఎవరూ తప్పుపట్టలేదు. అంతమంది ఒకేసారి తింటున్న చప్పుడే వినిపించింది. అత్తగారు వడ్డిస్తూ తిరిగారు. ప్రతి విస్తరి దగ్గరా ఆగి, తిన్నారా అని అడిగారు. అడిగిన ప్రతిసారీ గొంతు కొంచెం కొంచెం తేలికైంది.

నాంచారయ్య బాబాయ్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. చేయి కడుక్కుని మా దగ్గరికొచ్చాడు.

“అక్కా, మోకాళ్లు చలికి కొయ్యబారిపోయినయ్. బువ్వ తిన్నాక కళ్లు వాలిపోతన్నయ్. ఇంట్లో వెచ్చగా ఒక్క కునుకు తీసొస్తా. ఒక్క కునుకే.”

అత్తగారు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ ముఖంలో అంతటి అలసట, అంతటి సంతోషం కలిసి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. కాదు అనడానికి నోరు తెరిచారు. ఆ మాట రాలేదు.

“ఒక్క కునుకే. తొందరగా వచ్చెయ్” అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. కడుపు నిండి ఉంది. నేనూ ఊరుకున్నాను.

విస్తళ్లు ఎత్తుతుండగా అయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా జారి కూలబడినట్టు మెత్తటి దెబ్బ. తిరిగి చూసేసరికి పై మెట్టు అంచు అక్కడ లేదు. పసుపు దుమ్ము ఆకాశం దాకా లేచింది. అది సర్దుకున్నాక రెండు వరసల ఇళ్లూ లేవు. వాటి చోట పల్లంలోకి పరుచుకున్న దిబ్బ ఉంది. మళ్లలో మిగిలిన మోళ్లు దాని నెత్తిన తలకిందులుగా కనిపించాయి.

మిగతా ఊరంతా భోజనాల దగ్గరే ఉంది.

నమోదు 327

తవ్వాం. గుల్నారా యంత్రాలతో వచ్చారు. పైన పొడిపిండి, కింద జావ. తవ్విన గుంట తవ్వినట్టే పూడుకుపోయింది. మూడో రోజు వెనక గట్టు మళ్లీ చీలితే యంత్రాలు ఆపించారు. ఆ మాట పేరమ్మ పిన్నికి గుల్నారాయే చెప్పారు, పెట్టె లేకుండా. వాళ్ల భాషలోనే చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పిన్నికి అర్థమైంది.

ఊరిని దిగువనున్న పొడుగు షెడ్లలోకి మార్చారు. గాలి ఎటునుంచి వచ్చినా లోపలికే వస్తుంది.

అత్తగారు అన్నం ముట్టుకోవడం లేదు. రొట్టె పెట్టినా వద్దంటున్నారు. ఇవాళ నేను నీళ్లు ఇస్తే తీసుకున్నారు.

“నేనే పొమ్మన్నానండీ అల్లుడుగారూ” అన్నారు.

“నేనూ విన్నానండీ. నేను మాత్రం ఆపానా?”

ఆవిడ నా వంక చూశారు. సుభాషిణి వచ్చి మా ఇద్దరి మీదా ఒకే దుప్పటి కప్పింది.

నమోదు 353. మంచు కరిగిన వారం

చలికాలం గడిచింది. ఎట్లా గడిచిందో రాయను.

గుల్నారాతో కలిసి దిబ్బ చూడటానికి వెళ్లాను. నిలువు గట్టు పోయి, వాలుగా పెద్ద బోడి నేల తేలింది. కడ్డీ దించి చూశాం. గట్టు కూలడంతో నీళ్లు చాలావరకు బయటికి కారిపోయాయి. పల్లంలో చిన్న ఊట కట్టింది. ఇక కూలే ప్రమాదం లేదన్నారు. పిడికెడు మట్టి తీసి నాకిచ్చారు.

“ఏడు నిలువుల అడుగున ఉన్నదైనను ఇది పై మట్టితో సమానము. ఈ వసంతముననే విత్తవచ్చును” అంది పెట్టె.

వేరే నేలల్లో అడుగుమట్టి పైకొస్తే పదేళ్లు ఏమీ మొలవదు. ఇక్కడ పైదీ అడుగుదీ ఒకటే.

సాయంత్రం షెడ్డులో ఆ మాట చెప్పాను. చెప్పగానే గొడవ మొదలైంది. “మనిషి లోపలున్నాడు. శవం మీద పంట పండించుకు తింటారా?” అని ఒకళ్లు. “వదిలెయ్యండి, అది ఆయన సమాధి” అని ఇంకొకళ్లు. కాలవ నీళ్లు గొట్టాల్లో పెట్టి మిగిలిన మెట్లు చూసుకుంటే చాలన్నారు. అత్తగారు ఎటూ మాట్లాడలేదు. ఊరు ఇప్పటికీ ఆవిడ వైపే చూస్తుంది. ఆవిడ మాత్రం నేల చూపులు చూస్తారు.

పేరమ్మ పిన్నిని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

నమోదు 354

నిన్న గాలి వచ్చింది. వసంతంలో వచ్చే పొడిగాలి. గోధుమ ఉన్న మెట్ల మీద ఒక్క రేణువు లేవలేదు. దిబ్బ మీద మాత్రం పసుపు తెర లేచి, మధ్యాహ్నం దాకా ఊరి మీదుగా పోతూనే ఉంది. పళ్లలో మట్టి, అన్నంలో మట్టి.

పేరమ్మ పిన్ని షెడ్డు బయట నిలబడి ఆ తెరని చూస్తూ ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. గాలి తగ్గాక లోపలికి వచ్చి, అందరూ ఉన్నచోట నిలబడింది.

“ఏవయ్యా అంకారావూ, ఇట్టా ఎన్నాళ్లు లేస్తది?”

“ఏదో ఒకటి మొలిచి పట్టుకునేదాకా లేస్తానే ఉంటది పిన్నీ.”

“ఊరికే వదిలేస్తే మొత్తం పోద్దా?”

“మొత్తం అంటే... చానా ఏళ్లు పడుద్ది. కానీ పోద్ది.”

పిన్ని తల ఊపింది. “సమాధి సమాధి అని వదిలేస్తే ఆయన్ని గాలికి ఒదిలినట్టేగా. ఏ దేశంలో పడతాడో. ఉన్న ఊరు సముద్రం తీసుకుపోయింది. ఈ కాస్తన్నా ఉండనియ్యండి.” కొంగుతో మొహం మీది మట్టి తుడుచుకుంది. “గింజలు ఎయ్యండి. లోతుగా ఏళ్లూనే ఆ గోధుమే ఎయ్యండి. నేనూ ఏస్తా. తినేవోళ్లు తింటారు, తిననోళ్లు మానేస్తారు.”

వెనక నుంచి అత్తగారు లేచారు. గోడకి ఆనించిన గింజల బస్తా మూతి విప్పడానికి ప్రయత్నించారు. ముడి రాలేదు. సుభాషిణి వెళ్లి పళ్లతో లాగింది.

నమోదు 355

ఈ వారం దిబ్బ మీద విత్తడం మొదలుపెట్టాం. వాలు మీద యంత్రం నిలవదు కాబట్టి చేతులతోనే. అడ్డంగా సన్న చాళ్లు తీసుకుంటూ నేను ముందు, గింజలు వేస్తూ పేరమ్మ పిన్ని, అత్తగారు వెనక, గడ్డి పరుస్తూ సుభాషిణీ మిగతా వాళ్లూ. నాంచారయ్య బాబాయ్ ఇల్లు ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేరు. పిన్ని ఒకచోట ఆగి కాలితో నేలని తట్టింది. తర్వాత నడిచింది. మేమూ నడిచాం.

అత్తగారు చాలు పక్కన కూలబడి, గుప్పిట్లో గింజలు పట్టుకుని నా వంక చూశారు. మధ్యలో సుభాషిణి లేదు.

“అల్లుడుగారూ, ఎంత లోతున వెయ్యాలండీ?”

“రెండు కణుపులు అత్తయ్యగారూ. వేలు దించి చూసుకోండి.”

ఆవిడ వేలు దించారు. తేలిగ్గా దిగింది. గింజ వేసి, చుట్టూ ఉన్న మట్టిని అరచేత్తో మెల్లగా దగ్గరికి లాగి కప్పారు. తర్వాత ఇంకో గింజ. ఆ వరస అయ్యేదాకా తల ఎత్తలేదు.

సాయంత్రానికి సగం దిబ్బ అయింది. నడుములు ఎవరివీ నిలబడటం లేదు. గడ్డి పరిచిన మేర గాలికి లేవడం లేదు. మిగతా సగం రేపు.